మా ఆయన కోసిన సైలెన్సరు

సూర్యాపేటలో పాత హైవేకు ఆనుకుని ఉన్న వీధిలో మాకు పక్కపక్కనే రెండు షట్టర్లు ఉన్నాయి. ఒకదానిలో నేను ఆటోలకు, బైకులకు సీటు కవర్లు కుడతాను. రెండోదానిలో మా ఆయన బైకులు బాగుచేస్తాడు. చేసేవాడు అనాలి, ఎందుకంటే నేను చెప్పబోయే సంగతి మొదలయ్యేనాటికి ఆ షట్టరు దించి ఎనిమిది నెలలయింది. అడిగినవాళ్లకు మోకాళ్ల నొప్పి అని చెప్పేవాడు. మోకాళ్లు భేషుగ్గా ఉన్నాయి. పోయినవి చెవులు.

ఆయన పాతకాలపు రెండు స్ట్రోకుల బండ్ల మెకానిక్కు. ఆ బండ్లకు కంప్యూటరు తగిలించి చూసేదేమీ ఉండదు. స్టార్టు చేసి, చెవి వంచి, స్క్రూ పావు చుట్టు తిప్పి, మళ్లీ వినాలి. బండి వీధి మలుపు తిరగకముందే దాని రోగమేమిటో చెప్పేవాడు. ఆ చెవుల మీదే మా ఇల్లు నడిచింది. ఐదారేళ్లుగా అవి కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చాయి. ఇంట్లో టీవీ సౌండు పెరిగింది, నేను పిలిస్తే పలకడం తగ్గింది. పలకకపోవడానికి మొదట్లో నేను వేరే కారణం అనుకున్నాను. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటిన ఏ ఆడదయినా అలాగే అనుకుంటుంది.

అప్పుడు వేములపల్లి నుంచి ఒక రైతు బండి తెచ్చాడు. ఇంజనులో గలగలమని చప్పుడు మొదలైంది, పక్క షట్టరులో ఉన్న నాకే వినపడుతోంది. మా ఆయనకు వినపడలేదు. "ఏం లేదు, మంచిగుంది, తీస్కపో" అని పంపాడు. దారిలో ఇంజను పట్టేసింది. మర్నాడు ఆ రైతు బండిని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి పదిమంది ముందర, "గంత సప్పుడొస్తుంటే ఇనపళ్లేదా? చెవుడొచ్చిందా నీకు?" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. నేనయితే ఇంకా నాలుగు ఎక్కువ అనేదాన్ని. మా ఆయన ఇంజను విప్పి, కొత్త పిస్టను వేసి, బండి అప్పజెప్పి షట్టరు దించాడు.

దవాఖానకు తీసుకుపోతే చెవి నరం బలహీనపడింది, వినపడే మిషను పెట్టుకోమన్నారు. పెట్టుకుంటే మనిషి మాటకన్నా గిన్నె కిందపడ్డ చప్పుడే ఎక్కువ వస్తోందని దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ జేబులోనే అది రెండుసార్లు బట్టలతోపాటు సర్ఫునీళ్లలో నానింది. బయటివాళ్లెవరయినా అడిగితే, "నాకేమయింది? మంచిగ ఇనపడుతది" అనేవాడు. ఎదురుగా నిలబడి మాట్లాడితే సగం మాట పెదాల మీద చదువుకుంటాడు కాబట్టి అబద్ధం నడిచిపోయేది.

నడిచిపోయిందని ఆయన అనుకున్నాడు. వీధి వీధంతా తెలుసు. కాని మా దగ్గర ఒక పద్ధతి ఉంది, మనిషికి లోటు వస్తే దాని పేరు అతని ముందర ఎత్తరు. ఎదురుగా టిఫిన్ బండి పెట్టుకున్న వదిన నోట్లో నువ్వుగింజ నానదు, అట్లాంటి మనిషి కూడా ఈ ఒక్క విషయంలో నోరు కుట్టేసుకుంది. ఆయనకు ఏదైనా చెప్పాలంటే రోడ్డు దాటి వచ్చి, మొహం ముందర నిలబడి, మామూలు గొంతుతో మాట్లాడి వెళ్లేది. చెవిటివాడి ముందు శంఖమూదినట్టు అన్న సామెతయితే మా ఇంట్లో చచ్చిపోయింది.

నా భయం ఒక్కటే. డబ్బు కాదు, సీటు కవర్లతో ఇద్దరం తింటాం. మూసిన షట్టరు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా దారిన పోయే బండ్లను చూస్తూ కూర్చునేవాడు. యాభై ఏళ్లకే ఈ మనిషి ఇట్లాగే ఎండిపోతాడని నాకు గుండెల్లో రాయి పడింది. ఎట్లాగయినా ఆ చేతిలో మళ్లీ పానా పెట్టించాలి.

ఒకరోజు ఫోనులో సీటు డిజైన్లు వెతుకుతుంటే ఒక వింత బండి బొమ్మ కనపడింది. పొట్టిగా, నేలకు దగ్గరగా, లావు టైర్లతో ఉంది. వెనక సగం కోసేశారు. ఒక్కరే కూర్చునేంత సీటు, దానికింద స్ప్రింగులు. బాబర్ అంటారట. నాకు నచ్చింది ఆ సీటే. ఆటోవాళ్లకు లవ్వు గుర్తులు, గులాబీ పూలు కుట్టి కుట్టి విసిగిపోయిన చేతులు నావి. ఫోను తీసుకుపోయి ఆయన మొహం ముందు పెట్టాను.

"గిదేం బండే? ఎనక మడ్‌గార్డు ఏది? వానల్ల బురదంత ఎవని ఈపుకు పూస్తది?" అన్నాడు.

"చేసుడు వస్తదా నీకు?"

"ఎందుకు రాదు? పని రాదా నాకు? కని బుద్ధున్నోడు ఎవడన్న చేస్తడా దీన్ని?"

ఫోను నాకు తిరిగి ఇవ్వలేదు. గంటసేపు ఆ బొమ్మను పెద్దది చేసి, చిన్నది చేసి తప్పులు పడుతూనే ఉన్నాడు. మా ఆయనకు ఏదైనా నచ్చితే ముందు దాన్ని తిడతాడు. పెళ్లిచూపుల్లో నన్ను చూసి కూడా పొట్టిగా ఉందన్నాడట.

మూడోరోజు పొద్దున మా ఇంటి వెనక షెడ్డులో సిమెంటు బస్తాలు జరుపుతున్న చప్పుడయింది. వాటి వెనక ఆయన పెళ్లికి ముందు కొన్న చిన్న రెండు స్ట్రోకుల బండి ఉంది. దానిమీదే నన్ను చూడటానికి వచ్చాడు. కాగితాలు ఇంకా బీరువాలో ఉన్నాయి, బండి మాత్రం తుప్పు పట్టి పదేళ్లుగా కదల్లేదు. షట్టరు సగం లేపి దాన్ని లోపలికి నెట్టుకుపోయాడు. సగమే లేపాడు, ఎవరూ పని తేకూడదని. ఆ సగానికే నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

నెలన్నర పట్టింది. ఇంజను పేగులన్నీ బయటపెట్టి కిరసనాయిలుతో కడిగాడు. చాసిస్ నంబరు ఉన్న చోటు జోలికి పోకుండా వెనక ఫ్రేము కోసి, కిందికి దించి వెల్డింగు చేశాడు. పాత ఆయిలు డ్రమ్ము రేకు కోసి చిన్న మడ్‌గార్డు వంచాడు, ఎందుకంటే బురద మాట ఆయన మరిచిపోలేదు. వెనక లావు టైరు వేస్తే గొలుసు టైరుకు రాసుకుంది. చక్రం పక్కకు జరగాలంటే కొత్త బుష్షు తిప్పించాలి. చక్రం సంచిలో పెట్టుకుని బస్సెక్కి మిర్యాలగూడ పోయాడు. అక్కడ రైసు మిల్లులకు షాఫ్టులు తిప్పే లేతు మిషను ఒకటుంది, అది నడిపేది ఆయన చిన్ననాటి దోస్తు. షట్టరు దించాక ఆయన ఊరు దాటడం అదే మొదటిసారి.

సీటు నా వంతు. పాలవాళ్ల పెద్ద సైకిళ్లకు ఉండే సీటు స్ప్రింగులు రెండు సంపాదించి, తేనెరంగు తోలుతో చేత్తో కుట్టాను. కూర్చుని గట్టిగుందన్నాడు. విప్పి మళ్లీ కుట్టాను. మెత్తగుందన్నాడు. మూడోసారి విప్పుతూ నేను తిట్టిన తిట్లు ఆయనకు వినపడలేదు. ఆ ఒక్కసారికి చెవుడు మేలనిపించింది.

అంతా కుదిరాక సైలెన్సరు దగ్గరకు వచ్చాం. ఆ పాత బండి సైలెన్సరు లోపల చిల్లుల గొట్టం ఒకటి ఉంటుంది, చప్పుడును మింగేది అదే. బండి స్టార్టు చేసి విన్నాడు. మొహం ముడుచుకుంది. ఇంజను ఆపి చిల్లుల గొట్టం పీకేశాడు. మళ్లీ స్టార్టు చేశాడు. హాక్సా బ్లేడు తీసుకుని సైలెన్సరును జానెడు కోశాడు. ఇంకోసారి విని, ఇంకో జానెడు. చివరికి మూరెడు మొద్దు మిగిలింది. అప్పుడు కిక్కు కొడితే మా రేకుల కప్పు మీద పావురాలన్నీ లేచిపోయాయి. నా కుట్టుమిషను మీద కత్తెర వణికింది.

ఆయన మొహం వెలిగిపోయింది. ఏళ్ల తర్వాత తన చెవులతో ఇంజను విన్నాడు. ఎక్సలేటరు ఇస్తూ, తగ్గిస్తూ, కళ్లు మూసుకుని నవ్వాడు. నా వైపు తిరిగి, "ఎట్లుంది?" అన్నాడు.

చెప్పాల్సింది అప్పుడే. నేను బొటనవేలు లేపి, "మంచిగుంది" అన్నాను.

తనకు వినపడేదాకా కోశాడు, అంతే. మంచి చెవులున్న ఏ మెకానిక్కూ చెయ్యని తప్పు అది. దాన్ని తప్పని చెప్పని తప్పు నాది. మర్నాటి నుంచి నేను ఇల్లిల్లూ తిరిగాను. టిఫిన్ బండి వదిన, "గిన్నెల మీద మూతలు ఎగురుతున్నయ్ వదినా" అంది. మందుల షాపాయన రెండు చెవులూ చేతులతో మూసుకుని చూపించాడు. జర ఓర్చుకోండి, మనిషి ఇప్పుడిప్పుడే లేస్తున్నాడు అని అందరినీ బతిమాలాను. ఒప్పుకున్నారు. పైగా బండి ఎదురొస్తే చెయ్యి ఊపి బాగుందని చెప్పేవాళ్లు. మంచితనంతో వీధి వీధంతా కలిసి ఆయన్ని మోసం చేశాం.

ఆ ఆదివారం పెద్ద రోడ్డు మీద బండిని పరీక్ష చేస్తానని కోదాడలో మా చెల్లెలింటికి బయలుదేరాడు. ఒక్క సీటే కనక నేను బస్సులో. మునగాల దాటాక బస్సు అద్దంలోంచి ముందర మా బండి కనపడింది. చిన్న ఎత్తు ఎక్కలేక మూలుగుతోంది. రోడ్డు మధ్యలో పోతున్నాడు. మా డ్రైవరు హారను కొట్టాడు. మళ్లీ కొట్టాడు. పక్కకు జరగలేదు. వెనక నుంచి ఒక లారీ కూడా అరుస్తోంది. ఆయన చెవుల నిండా ఆయన బండే ఉంది. చివరికి డ్రైవరు బ్రేకు తొక్కి పక్క నుంచి తిప్పుతూ, "చెవుడా ఏంది వీనికి, సస్తడు" అన్నాడు. బస్సులో అందరూ కిటికీల్లోంచి చూశారు. నేను కూడా చూశాను, ఎవరో అయినట్టు. ఆ మనిషి నా మొగుడని నా నోట రాలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కోదాడలో మా చెల్లెలు గేటు బయటే నిలబడి ఉంది. పెళ్లయి అక్కడికి పోయాక దాని భాష మారింది. "ఏంటక్కా ఆ శబ్దం? బావగారు ఊరి బయట ఉండగానే మా గేదె పలుపు తెంచుకుని పారిపోయింది" అంది. నేను దాని చెయ్యి గిచ్చాను. ఆయన వచ్చి దిగగానే, "సూపర్‌గా ఉంది బావగారూ" అని అరిచింది. ఆయన నవ్వలేదు. "సప్పుడు మంచిగనే ఉంది, లాగుడే లేదు. ఎత్తెక్కుతలేదు" అన్నాడు.

సైలెన్సరు అంత కోస్తే రెండు స్ట్రోకుల ఇంజనుకు లాగుడు పోతుంది. ఆ సంగతి నిద్రలో లేపి అడిగినా ఆయన చెప్పగలడు. కాని తన చెవికి హాయిగా ఉన్నదాన్ని అనుమానించలేక కార్బురేటరు విప్పాడు, ప్లగ్గు మార్చాడు, ఇంజనులోనే లోపమని తేల్చాడు. లేతు దోస్తుకు చూపిస్తానని బుధవారం మిర్యాలగూడ బయలుదేరాడు. అక్కడ నాకు పనేమీ లేదు. కాని బస్సులోంచి చూసింది కళ్లముందు ఆడుతోంది, ఇంట్లో కూర్చోలేక నేనూ బస్సెక్కాను. ఈసారి చెప్పేస్తానని దారిపొడుగునా అనుకుంటూ పోయాను.

నేను చేరేసరికి బండి లేతు ముందు మోగుతోంది. దోస్తు రెండు చేతులతో చెవులు మూసుకుని అరుస్తున్నాడు.

"ఆపురా నాయినా! ముప్పై ఏండ్లు మిల్లుల నడుమ పని జేసి నాకే సగం చెవులు పోయినయ్. గసుంటి నాకే ఇనపడ్తుందంటే ఎంత సప్పుడో ఆలోచన చెయ్! సైలెన్సరు ఎందుకు కోసినవ్? లాగుడు యాడికెళ్లి వస్తది?"

మా ఆయన ఇంజను ఆపాడు. "గంత సప్పుడు లేదు" అన్నాడు.

"నీకు చెవుడు రా" అన్నాడు దోస్తు, ఆకలా అని అడిగినంత మామూలుగా. "నాకూ చెవుడే. దాంట్ల ఏమున్నది?"

మా ఆయన నా వైపు తిరిగాడు. "గట్టిగున్నదా?"

తల ఊపాను.

"ఎన్నొద్దుల సంది?"

"మొదటి సంది."

"మరి మంచిగుందంటివి?"

"నీ మొఖం మంచిగుండె. గందుకే అన్న" అన్నాను. అని ఏడ్చాను.

ఆయన నా మీద అరుస్తాడనుకున్నాను. దోస్తు ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డుకు అవతల ఉన్న రైసు మిల్లులోకి తీసుకుపోయాడు. వెనకే నేనూ పోయాను. లోపల మిషన్లు నడుస్తున్నాయి. నా మాట నాకే వినపడలేదు. ఒకతను మిషన్ల వెంట తిరుగుతూ, ఒక్కోదాని మీద అరచెయ్యి ఆనించి, కాసేపు ఉండి, తీసేస్తున్నాడు. ఒకచోట మళ్లీ ఆనించాడు. దూరంగా ఉన్న మనిషికి రెండు వేళ్లు చూపించి గుండ్రంగా తిప్పాడు. అతను గ్రీజు డబ్బా తెచ్చి ఆ బేరింగుకు పెట్టాడు. ఒక్క మాట లేదు. ఆ మిల్లులో చెవులున్నవాడూ లేనివాడూ ఒకటే.

దోస్తు మా ఆయన అరచెయ్యి తీసి ముందు మంచి బేరింగు మీద పెట్టాడు, తర్వాత చెడబోతున్నదాని మీద. మళ్లీ మంచిదాని మీద. మా ఆయన చెయ్యి తీయలేదు. బయటికి వచ్చాక దోస్తు, "ఖరాబైతే చేతికి ఇసుక తగిలినట్టుంటది. నేను పదేండ్ల సంది గిట్లనే ఇంటున్న" అన్నాడు.

మా ఆయన బండెక్కి వెళ్లిపోయాడు. నాతో మాట్లాడలేదు, నాలుగు రోజులదాకా. కంచం పెడితే తిన్నాడు. షట్టరు పూర్తిగా దించి ఉంది. నేను పాడుచేశానని, ఉన్న కాస్త ఆశనూ నేనే తుంచానని నన్ను నేను తిట్టుకుంటూ కుట్టిన ఆటో సీట్లు ఆ నాలుగు రోజులవి, ఒక్కటీ తిన్నగా రాలేదు.

ఐదోరోజు పొద్దున షట్టరు లేచింది. సగం కాదు, పైదాకా. లోపల వెల్డింగు మెరుపులు కనిపించాయి. మధ్యాహ్నానికి బండికి నిండు సైలెన్సరు వచ్చింది, లోపల చిల్లుల గొట్టంతో సహా. హ్యాండిలుకు రెండు వైపులా పెద్ద అద్దాలు వచ్చాయి. బాబరు బండికి అద్దాలు అందం కాదట, ఫోనులో బొమ్మకు లేవు. వెనక వచ్చే లారీ మాత్రం వాటిలో కనపడుతుంది.

కిక్కు కొట్టి ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. స్క్రూ పావు చుట్టు తిప్పాడు. మళ్లీ చెయ్యి. తర్వాత నన్ను కేకేశాడు.

"ఏమే, జర ఇటు రా. సప్పుడు ఎట్లున్నది? నా మొఖం సూడకు. బండిని సూసి చెప్పు."

నేను కూర్చుని విన్నాను. అంత శ్రద్ధగా నేను ఏ ఇంజనునూ వినలేదు. "సల్లగున్నది. కని సన్నగ టిక్కు టిక్కుమంటున్నది" అన్నాను.

"యాడ?"

"కింద. ఎడమ దిక్కు."

అరచెయ్యి అక్కడికి జరిపాడు. ఉంచాడు. వేళ్లతో తడిమి, వదులైన బోల్టును పట్టుకుని బిగించాడు. "ఇప్పుడు?"

"లేదు."

"ఇగ అబద్ధం చెప్పకు నాకు" అన్నాడు.

"చెప్ప" అన్నాను. ఆ మాట మాత్రం ఆయన నా పెదాల మీద చదివాడో, విన్నాడో తెలియదు. సాయంత్రం బండి తీసుకుపోయి ఊరి బయట ఎత్తు ఎక్కించి వచ్చాడు. బురద వీపుకు పడింది. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, మడ్‌గార్డు పొట్టిదయిందని ఒప్పుకోలేదు.

వారం తర్వాత నడిగూడెం నుంచి ఒకాయన వచ్చాడు. రోడ్డు మీద మా బండిని చూసి ఎవరు చేశారని అడుగుతూ వెతుక్కుంటూ వచ్చాడట. తన దగ్గరా అట్లాంటి పాత బండే ఉంది. దాన్ని షట్టరు ముందు నిలిపి, వంగి ఇంజను వైపు చూస్తూ రోగమేమిటో చెప్పడం మొదలుపెట్టాడు. మా ఆయనకు పెదాలు కనపడటం లేదు. నేను మిషను ఆపి లేచాను, పోయి ఆ మాటలు ఆయనకు అందిద్దామని.

అవసరం రాలేదు. "అన్నా, నాకు చెవులు ఇనపడవు. జర లేసి నా మొఖం సూసి చెప్పు" అన్నాడు మా ఆయన.

తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు కదా. వీధి వీధంతా విన్నది. మందుల షాపాయన కౌంటరు మీంచి తల బయటికి పెట్టాడు. టిఫిన్ బండి దగ్గర గరిటె ఆగింది. వచ్చినాయన లేచి నిలబడి, మొహం ఎదురుగా పెట్టి, మొదటి నుంచి మళ్లీ చెప్పాడు. మా ఆయన తల ఊపుతూ విని ఇంజను మీద చెయ్యి వేశాడు.

అప్పుడు వదిన ఇన్నేళ్లుగా దాచుకున్న గొంతంతా తీసి రోడ్డు అవతల నుంచి అరిచింది. "అన్నా! ఇడ్లీలు పంపన్నా?"

మా ఆయన తల తిప్పి చూశాడు. "నాలుగు పంపు" అన్నాడు.